అక్క బండి తీగలు

మా వీధి చివర పాత సామాను కొనేవాళ్లు రాగి కోసం తీగల మీది ప్లాస్టిక్ కాలుస్తుంటారు. ఆ వాసన రాగానే లేచి కిటికీ మూస్తాను. అప్పటికే నేను నారాయణఖేడ్‌లో, మా నాయిన రేకుల షెడ్డులో కూర్చుని ఉంటాను.

నాయిన బావుల మీది మోటార్లు బాగుచేసేవాడు. సరోజక్కకు చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. పదో తరగతి దాకా నాయిన ఆమెను సైకిల్ మీదే బడికి తీసుకుపోయాడు. కాలేజీ దూరం. అందుకని బోల్తాపడ్డ పాత కారొకటి కొని, దాని ఇంజను ఊడదీసి ఇనుప చట్రం మీద పెట్టి, చుట్టూ రేకులు బిగించి, బ్రేకూ క్లచ్చూ చేత్తోనే పట్టేలా ఆమెకో బండి కట్టసాగాడు. బండి నడిస్తే కాలేజీ, లేకుంటే ఇల్లు.

జొన్నలు కంకి వేసే ఆ రోజుల్లో, అమ్మ కాల్చే రొట్టెల వాసనా గ్రీజు వాసనా కలిసిపోయే ఆ షెడ్డులో, పాత కారు తీగల కట్టనంతా గోనెసంచి మీద పరిచి, ఈ చిన్న బండికి అక్కరలేనివి తీసేసే పని నాయిన మా ఇద్దరికీ అప్పజెప్పాడు. అక్క అమ్మ పాత చీరల పీలికలు చింపి, హారనుకో రంగు, లైట్లకో రంగు గుర్తుగా కట్టి, మిగిలిన తీగలను జడలా అల్లేది. తీసేసినవన్నీ నావి. వాటితో ఉంగరాలు అల్లి దోస్తులకు పంచితే బడిలో నా వెనక గుంపు తిరిగేది. అందుకే ఇంకా తీయాలనిపించేది.

తాళం తిప్పితే వెలిగి, ఇంజను మొదలవగానే ఆరిపోయే చిన్న ఎర్ర బల్బు, మా మాటలో బుగ్గ, ఒకటుండేది.

"ఆరిపోయే బుగ్గ మనకెందుకే అక్కా?"

"ఊకెనే పెడ్తరారా? ఉండనీ. నీ ఉంగరాల పిచ్చి పాడుగాను!"

ఆమె లేనప్పుడు దాని తీగ కోసేశాను. పసుపు మీద నల్లచార. అలాంటిది ఎవరి దగ్గరా లేదు. బుగ్గ మాడిపోయిందని అక్కతో చెప్పాను.

అక్క మొదటిసారి నడిపింది బోరంచ పోచమ్మకు బోనం తీసుకుపోయిన రోజు. తిరిగొస్తుంటే పొద్దుగూకింది. లైట్లు ఎర్రబడి, మసకబారి, ఇంజను ఆగిపోయింది.

"ఏందే సరోజా, బండి నిన్ను మోస్తదా, నువ్వు బండిని మోస్తవా?" దారినపోయేవాళ్లు నవ్వారు.

"పనికొచ్చే తీగేమన్న తీసిన్రా?" అన్నాడు నాయిన.

పసుపు ఉంగరమున్న చేతిని జేబులో పెట్టుకున్నాను. "అక్క చెప్పినయే తీసిన."

"అవు నాయినా, నేనే చెప్పిన," అంది అక్క. ఆమె నన్ను నమ్మింది.

బ్యాటరీ చార్జింగ్ పెట్టించి మళ్లీ నడిపితే మళ్లీ ఆగింది. నాయిన ఇక దాని జోలికి పోలేదు. పాత ఇనుము కింద అమ్మేశాడు. అక్క కాలేజీకి పోలేదు.

పెద్దయ్యి కార్ల పని నేర్చుకున్నాక తెలిసింది, ఆ బుగ్గ గుండా పోయే కరెంటుతోనే బ్యాటరీ చార్జింగ్ మొదలవుతుందని. తెలిసి కూడా ఏళ్లకేళ్లు నోరు విప్పలేదు.

ఇప్పుడు నాయిన లేడు, షెడ్డు లేదు, జొన్న చేలల్లో పత్తి వేస్తున్నారు. మొన్న ఊరికి పోయినప్పుడు అక్కకు అంతా చెప్పాను. చిక్కుడుకాయలు తుంచుతున్న చెయ్యి ఆగింది.

"గప్పుడే చెప్తే," అంది, "గా ఒక్క తీగ నేనే కలుపుతుంటి గదరా."