అమ్మిరాజుగారి అరగంట

మా భీమవరం అమ్మిరాజుగారు కరోనా టీకా కోసం గోదావరిని ఈది అవతలి ఒడ్డుకు వెళ్ళారు. ఈదలేదు లెండి, నరసాపురం రేవులో పంటు ఎక్కారు. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు అబద్ధమాడకూడదన్నారు గనుక అంతవరకు తగ్గిస్తున్నాను. ఇంతకంటే తగ్గించమనకండి.

ఆయనకున్న జబ్బు ఒక్కటే. కొత్త చోట అరగంట కూర్చుని చూడందే ఏ పనీ చెయ్యరు. రొయ్యల చెరువులు చేసే మనిషి కదా! కొత్త రొయ్యపిల్ల వస్తే సంచి మూతి విప్పకుండా చెరువులో తేలేసి, నీళ్ళు అలవాటయ్యాకే వదులుతారు. తననీ అలాగే తేలేసుకుంటారు. పెళ్ళిచూపుల్లో ఈ అరగంట చూసి, పెళ్ళికొడుకు మూగవాడనుకుని పిల్లను లోపలికి పంపేశారట.

టీకాలు వచ్చాక జబ్బు ముదిరింది. ప్రతి ఆసుపత్రిలోనూ ఒకటే ప్రశ్న.

"ఇదివరకు ఇంజక్షన్ పడక ముఖమంతా వాచి, ఊపిరాడలేదనుకోండి. ఇక్కడా అలాగే అయితే ఏం చేస్తారండీ?"

"108కి ఫోన్ చేస్తామండి."

"అది వచ్చేదాకా?"

"ఓపిక పట్టాలండి."

"ఆయ్" అని, అరగంట కూర్చుని లేచొచ్చేసేవారు.

ఒకచోట ఆక్సిజన్ సిలిండరుంది. దాన్ని తిప్పే తాళం వార్డుబాయ్ వెంకన్న దగ్గరుంది. వెంకన్న ద్రాక్షారామంలో దర్శనం చేసుకుంటున్నాడు.

ఊరంతా నవ్వింది. "అంత మీసం పెట్టుకుని సూదికి భయమేంటండీ రాజుగారూ?" అన్నాను.

"భయమేనండి" అన్నారు, కాస్తయినా సిగ్గుపడకుండా.

నాకంతా అయోమయం. గట్టుమీద తాచుపాము కనిపిస్తే "కొంచెం పక్కకు జరగండి" అని బతిమాలే మనిషి సూదికి వణకడమేమిటి? అసలు ఆ ముఖం ఎప్పుడు వాచింది? నాకు తెలిసి పుట్టినప్పటినుంచీ అంతే.

చివరికి కాకినాడలో ఒక ఆసుపత్రి పాసయింది. డాక్టరు పక్కనే ఉంటారు, విరుగుడు మందు చేతికందేలా ఉంటుంది, సూది వేశాక అరగంట కూర్చోబెట్టి చూస్తారు. తోడుకి నన్నూ కారెక్కించారు. చెరువుల దగ్గర పనివాళ్ళకు వండిపెట్టే జ్ఞానమ్మ వెనక సీట్లో క్యారియర్ పట్టుకుని కూర్చుంది. క్యారియర్ కోసమే ఆమెను తెచ్చారనుకున్నాను.

"చొక్కా చెయ్యి మడవండి రాజుగారూ" అన్నాను ఆసుపత్రిలో.

నర్సు నవ్వింది. "ఈయనకెందుకండీ? మొన్న చూడ్డానికొచ్చినప్పుడే 'ముందు నాకేసి చూడండి' అని వేయించుకున్నారు. ఇవాళ ఈవిడకి."

నేను జ్ఞానమ్మ వైపు తిరిగాను.

"వాచింది నా ముఖమండి. పోయినేడు జ్వరం సూదికి చచ్చి బతికాను. ఇక సూది వద్దంటే వద్దన్నాను. నలుగురూ నన్ను చూసి నవ్వుతారని ఆ భయాన్ని రాజుగారు తన మీదేసుకున్నారు."

డాక్టరు అన్నీ అడిగి తెలుసుకుని, వేయించుకోవచ్చన్నాక వేశారు. ఆ అరగంట అమ్మిరాజుగారు రెప్ప వెయ్యలేదు. ఆమె దగ్గితే లేచారు, తుమ్మితే డాక్టరుని పిలిచారు.

"అలా చూడకండి రాజుగారండీ, నేను రొయ్యని కాదు!"

ముఖం వాచలేదు. నవ్వుతో విచ్చుకుందంతే.

ఇదంతా రాసి, చెరువు గట్టున ఆయనకే చదివి వినిపించాను.

"మొత్తం అబద్ధమండి" అన్నారు అమ్మిరాజుగారు. "నేను కాకినాడ వెళ్ళనే లేదు. జ్ఞానమ్మ ఎవరో నాకు తెలీదు."

అని, జ్ఞానమ్మ అప్పుడే వడ్డించి వెళ్ళిన పులిహోర ముందు, ఎవరో కొత్తమనిషి వంటన్నట్టు, అరగంట కూర్చున్నారు.