పిప్పి కాగితం మీద పచ్చసిరా

మా కాగితపు మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది. అయినా పాత ఉద్యోగులం ఏటా ఒకసారి ఖమ్మంలో కలుసుకుంటాం. అందరి చేతా మాట్లాడిస్తారు. నా వంతు వచ్చేసరికి భోజనాల వేళవుతుంది. పోయినేడు నేను మైకు పట్టుకోగానే విస్తళ్ళు వేశారు. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

1984 జూన్‌లో నన్ను ఇల్లందుకు అవతల, భద్రాచలం అడవుల అంచున ఉన్న ఆ చిన్న కాగితపు మిల్లులో షిఫ్టు కెమిస్టుగా వేశారు. ల్యాబులో అది కింది మెట్టు. నా పైన చీఫ్ కెమిస్టు, ఆయన పైన వర్క్స్ మేనేజర్. ఏ కాగితమైనా ఆ వరుసలోనే పైకి పోవాలి. నేను ఏనాడూ ఆ వరుస తప్పలేదు.

మాకు వెదురే ముడిసరుకు. వానలు మొదలైతే అడవిలో నరుకుడు ఆగేది, దాంతో యార్డులో ఆడవాళ్ళకు కూలి ఆగేది. వాళ్ళలో కుంజా లచ్చమ్మ ఒకతె. పక్క కోయగూడెం నుంచి వచ్చేది. "వానలల్ల మేమేం తినాలె సార్?" అని నన్ను నిలదీసేది, మిల్లు నాదే అయినట్టు.

మరుసటి ఎండాకాలం కల్లూరు వైపు వెళ్ళినప్పుడు ఒక చక్కెర మిల్లు వెనక చెరకు పిప్పి గుట్టలుగా కుళ్ళుతుండడం చూశాను. బాయిలర్లలో కాల్చగా మిగిలింది అది. అందులో నార ఉంది. వానలకు ముందే తెచ్చి పెట్టుకుంటే వానకాలమంతా మా మిల్లు నడుస్తుంది, లచ్చమ్మ వాళ్ళ పనీ నిలుస్తుంది. చీఫ్ కెమిస్టును అడిగితే, "నీ తిప్పలు నువ్వు పడు" అంటూ ఒక లారీ పిప్పికి సంతకం చేశారు.

పిప్పిని కాస్టిక్ సోడా నీళ్ళతో ఆవిరి మీద ఉడికించే మూతపాత్రను డైజెస్టర్ అంటారు. ఉడికిన గుజ్జును సన్నని తీగ జల్లెడ మీద పోస్తే నీళ్ళు దిగిపోయి నార పొరగా మిగలాలి. నేను పోసిన గుజ్జులో నీళ్ళు దిగలేదు. సోడా పెంచాను, ఉడికే సేపు పెంచాను. మూడుసార్లూ అంతే. ఆరబెడితే మచ్చలు పడి, అప్పడంలా విరిగే రేకు వచ్చింది.

ల్యాబు ముందు ఊడుస్తున్న లచ్చమ్మ అంతా చూస్తూనే ఉంది.

"జొన్నలు చెరగకుంటనే ఎసట్ల పోస్తమా సార్? పొట్టు తియ్యవా?"

చెరకు నారల మధ్య మెత్తటి బెండు ఉంటుంది. సోడాను తాగేసేది, నీటిని దిగనివ్వనిది అదే. ఆ సంగతి నేను చదువుకున్నదే. దాన్ని వేరుచేసే యంత్రం మా దగ్గర లేదు కనుక తీయలేమని తీర్మానించుకున్నాను. ఆమె ఎండిన పిప్పిని కర్రతో దంచి, చాటలో పోసి చెరిగింది. బెండు పొడిపొడిగా గాలికి లేచిపోయింది. చాటలో బంగారు రంగు నార మిగిలింది. ఆ నారనే డైజెస్టర్‌కు ఎత్తాను.

నాలుగోసారి జల్లెడ మీద పోయగానే నీళ్ళు జల్లున దిగిపోయాయి. గుజ్జును తెల్లబరిచి, సిరా పాకకుండా రోజిన్ జిగురు, పటిక కలిపి, వడ్రంగితో చేయించిన ఫుల్‌స్కేపు చట్రంలో కాగితాలు తీశాను. మొదటిదాన్ని కిటికీకి ఎత్తి పట్టుకుంటే వెలుతురు అంతటా సమంగా దిగింది. ఆ తర్వాత ఎన్నో టన్నుల కాగితం నా చేతుల మీదుగా పోయింది. అంత నిండుగా మరే కాగితమూ కనిపించలేదు.

"గిది చెరుకా సార్?" అంటూ లచ్చమ్మ ఒక మూల నాలుకకు తాకించి చూసింది. "అబద్ధం. తియ్యగ లేదు."

పెద్ద యంత్రం మీద ఒక్కరోజు ప్రయోగానికి అనుమతి కోరుతూ రెండు పేజీల నివేదిక ఆ కాగితాల మీదే టైపు చేయించాను. చెరిగే పద్ధతి కుంజా లచ్చమ్మదని, వానకాలం చెరుగుడు పనికి యార్డు ఆడవాళ్ళనే పెట్టుకోవాలని అందులో రాశాను. మీరు చదువుతున్న ఈ కాగితం పిప్పిదేనని చివరి పేరాలో చెప్పాను. చీఫ్ కెమిస్టు ద్వారానే పంపాను.

వారం తర్వాత అది తిరిగి వచ్చింది. మొదటి పేజీకి అడ్డంగా వర్క్స్ మేనేజర్ పచ్చసిరా చేతిరాత: "పిప్పితో రాత కాగితం సాధ్యం కాదు. ఫైల్ చేయండి." సిరా ఎక్కడా పాకలేదు. ఒక్కో అక్షరం గీసినట్టు నిలిచింది. రెండో పేజీ ఆయన తిప్పలేదు.

వెళ్ళి చెప్పబోతే తలెత్తకుండానే, "ఏవయ్యా, మీ ల్యాబులో పనేం లేదా?" అన్నారు.

బయట లచ్చమ్మ ఎదురుచూస్తోంది. "ఏం రాసిండు?"

"కాదని రాశారు."

"దేని మీద రాసిండు?"

చూపించాను. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "దాని మీదనే రాసి కాదంటడా! మంచిగున్నది మీ సారు చదువు." నవ్వు ఆగాక, "అయితే వానలకు మాకు పని లేనట్టే" అంది. లేనట్టే అయింది. ఆ జూలైలో ఆమె యార్డుకు రాలేదు.

నేను నేర్చుకున్నది ఇది. యంత్రం లేని చోట పని తెలిసిన మనిషిని అడగాలి. ప్రధాన విషయాన్ని మొదటి పేజీలోనే రాయాలి. రెండోది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

మిగతాది వర్క్స్ మేనేజర్ గారి తప్పు. ఆయన ఇప్పటికీ మా సమావేశాల్లో వేదిక మీదే కూర్చుంటారు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. పసుపెక్కింది కానీ విరగలేదు. ఈసారి విస్తళ్ళు వేయకముందే దాన్ని ఆయన ముందు పెడతాను. ఆనాడు లచ్చమ్మ అడిగినదే అడుగుతాను: అయ్యా, మీరు దేని మీద రాశారు? జవాబు చెప్పి భోజనానికి లేవండి.