మునిలక్ష్మి చుక్కల కాగితం

బొమ్మనహళ్ళిలోని ఒక బట్టల ఫ్యాక్టరీలో మునిలక్ష్మి పరీక్షల గదిలో పనిచేసేది. ముళబాగిలు వైపు పల్లెలో టెన్త్ పాసై, పెళ్ళయ్యాక భర్తతో బెంగుళూరు వచ్చింది. మిల్లు నుంచి దిగిన ప్రతి తానులోంచి ఒకే కొలతలో ఒక ముక్క కోసి, తూచి, మిషనులో ఉతికి ఆరబెట్టి, ఎంత పొట్టిదైందో కొలవడం ఆమె పని. కటింగ్ మాస్టరు భుజంగరావు ఆ మేరకు టీషర్టులను పొడుగ్గా కోయించేవాడు.

పల్చటి గుడ్డే ఎక్కువ పొట్టిదవుతోందని ఆమెకు కొన్నాళ్ళకు అనుమానం వచ్చింది. గ్రాఫు కాగితం కొని, అడ్డంగా బరువు, నిలువుగా తగ్గిన పొడుగు వేసుకుని, తానుకొక చుక్క పెడుతూ పోయింది. నాలుగు నెలల్లో నూటపది చుక్కలయ్యాయి. చెల్లాచెదురుగా ఉన్నా అన్నీ ఒకే వాలులో దిగుతున్నాయి. నల్లదారం లాగిపట్టి, చుక్కలు దానికి పైనా కిందా దాదాపు సమంగా పడేట్టు జరిపి, దాని వెంబడి పెన్సిలుతో గీత గీసింది.

1997 జూన్‌లో ముప్పైరెండు తానులు ఆలస్యంగా దిగాయి. నాలుగో రోజుకు సరుకు మద్రాసు రేవుకు చేరాలి. ఆ ఉదయమే ఉతికే మిషను మోటారు కాలిపోయింది. రేపు మధ్యాహ్నం దాకా బాగుకాదన్నాడు మెకానిక్. చేత్తో ఉతికితే మిషనులో వచ్చే కొలత రాదు. ఆగితే కుట్టడానికి వ్యవధి లేదు. కిందటేడు కొలతలు తప్పి సరుకు తిరిగొచ్చినప్పుడు నలభైమందిని పనిలోంచి తీసేశారు.

"ఉతక్కుండా ఏ లెక్కన కొయ్యమంటారు?" భుజంగరావు టేపు బల్ల మీద పడేశాడు.

మునిలక్ష్మి కాగితం పట్టుకొచ్చింది. "తూకం చూసి చెప్పొచ్చు మాస్టరూ. ఈ బరువుండే గుడ్డ ఉతికితే సుమారుగా ఇంత తగ్గుతాది, గీత చెప్తా ఉండాది."

"సుమారంటే?"

"చుక్కలు గీతకు ఎంత దూరం పోయినాయో చూడండి. సెంటీమీటరు అటో ఇటో."

"కొనేవాళ్ళు ఒప్పుకునేదీ అంతే. దాటితే?"

"నా పని పోతాది. మీదీ పోతాది."

ఆయన బల్ల మీది టేపు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "తూచు."

ఆమె తూచడం, గీత మీదికి వేలు తీసుకెళ్ళడం, అంకె చెప్పడం. వెనకే కత్తెర మిషను గుడ్డలోకి దిగే చప్పుడు. పదిహేడో తాను దగ్గర వేలు ఆగిపోయింది. ఆమె పెట్టిన చుక్కల్లో నూటఅరవై గ్రాములకు తక్కువ బరువు ఒక్కటీ లేదు. ఇది నూటనలభైఆరు.

"గీతను ఇంకాస్త ఎడమకు సాగదీయరాదూ?" అన్నాడు భుజంగరావు.

"సాగదీస్తే అంకె వస్తాది. కానీ ఆడ నాకు ఒక చుక్కా లేదు మాస్టరూ. ఆడ గుడ్డ ఎట్లుంటాదో నాకు తెల్దు. దీన్ని కొయ్యద్దండి."

"ఎనభై షర్టులు తగ్గుతాయి."

"తగ్గనీండి."

ఆయన ఆ తానును గోడవారకు నెట్టించాడు.

మర్నాడు మూడింటికి మోటారు తిరిగింది. ముప్పైరెండు ముక్కలూ ఉతికి ఆరబెట్టారు. భుజంగరావు వెనక నిలబడగా మునిలక్ష్మి కొలిచింది. మొదటిది నాలుగు సెంటీమీటర్లు తగ్గుతుందని చెప్పింది, నాలుగుంపావు వచ్చింది. తొమ్మిదోది సరిగ్గా సెంటీమీటరు తేడా పడింది. ఆమె టేపు మళ్ళీ పెట్టి చూసింది. దాటలేదు. కోసిన ముప్పైఒక్క తానుల్లో ఏదీ దాటలేదు.

పక్కన పెట్టినదాన్ని చివర కొలిచింది. గీత సాగదీస్తే ఆరు సెంటీమీటర్లు వచ్చేది. గుడ్డ ఎనిమిదిన్నర తగ్గింది. భుజంగరావు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఎనభై షర్టులు ఎందుకు తక్కువయ్యాయని మేనేజరు స్టాన్లీ ఇద్దర్నీ నిలదీశాడు. మిగతావి ఎలా సరిపోయాయని మాత్రం అడగలేదు.

మరుసటి వారం మునిలక్ష్మి పల్చటి గుడ్డల కోసం వేరే కాగితం మొదలుపెట్టింది. అటువంటి తానులు అరుదుగా వచ్చేవి. ఆ కాగితం మీద గీత గీయడానికి ఆమెకు మరో మూడేళ్ళు పట్టింది.