అత్త చూపించిన మడ అడవి

మొన్న ఆదివారం ఉదయం అత్త పోయిందని ఫోను వచ్చింది. మాకు రక్తసంబంధమేమీ లేదు. ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి విశాఖ వచ్చిన కొత్తలో, పోర్టు వెనక ఉప్పుటేటి పక్కన ఆవిడ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. మడ చెట్ల వేళ్ల మధ్య పీతలు పట్టి అమ్మడం ఆవిడ పని. భర్త పోయాక ఇద్దరు కూతుళ్లనూ ఆ బురదే పెంచిందని చెప్పేది.

నేను భూములు కొలిచే ఒక ప్రైవేటు కంపెనీలో సర్వేయర్ని. పోర్టు విస్తరణకని ఆ ఏటి ఒడ్డును రెండు ముక్కలుగా కొలిచే పని మాకే వచ్చింది. మొదటి ముక్క దగ్గరికి పోటు సమయంలో వెళ్లాం. నీళ్లు నిండి చెట్ల తలలే కనబడుతున్నాయి. బూట్లు తడవకుండా గట్టు మీదే నిలబడి "తుప్పలు, పనికిరాని నేల" అని రాసేశాను. అలా రాయడం మాకు అలవాటు. కాగితం ఆ సాయంత్రమే పై ఆఫీసుకు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి ఆ మాటే చెబితే అత్త చేపలు తోముతున్న చెయ్యి ఆపింది.

"ఏటి బాబూ, పోటులో సూసొచ్చి తుప్పలంతన్నావా? రేపు ఆటులో నాతో రా."

మర్నాడు నీరు తీసిన ఏట్లో, మోకాలి లోతు బురదలో నడిపించింది. ఇనుప కొక్కెంతో కన్నంలోంచి పీతను లాగి, కడుపు కింద గుడ్లు చూసి వదిలేసింది. "కడుపుతో ఉన్నదాన్ని ఎవులైనా కోసుకుంతారేటి?" అంది. నీటి గుంటల్లో గోరంత రొయ్యపిల్లల్ని చూపించింది.

"ఇవి ఇక్కడ పెరిగి సముద్రానికెల్తాయి. అక్కడ వలేసినోడు సముద్రమే ఇచ్చిందనుకుంతాడు."

తుఫాను హెచ్చరిక వస్తే వాడలో పడవలన్నీ తెచ్చి కట్టేది ఆ చెట్లకేనట. దూరంగా గుల్లలు ఏరుతున్న ఆడవాళ్లను పేరుపేరునా పలకరించింది. నాకు సిగ్గేసింది.

రెండో ముక్కకు ఆటులోనే వెళ్లాను. అక్కడ ఎవరెవరు ఏమేం పట్టుకుని బతుకుతున్నారో అంతా రాశాను. "నిన్ను కథలు రాయమన్నానా?" అని మేనేజరు విసుక్కున్నాడు. నేను ఒక్క అక్షరం దిద్దలేదు. ఆ ముక్క మిగిలింది. నా రాత వల్లేనా అంటే చెప్పలేను. మొదటి ముక్కను మాత్రం మట్టి పోసి పూడ్చేశారు. ఇప్పుడక్కడ లారీలు ఆగుతున్నాయి.

అత్త దాని గురించి కోపంగా ఒక్క మాట అనలేదు. నేను సీతమ్మధారకు మారాక కూడా అప్పుడప్పుడూ పీతల పులుసు తెచ్చేది. గిన్నె చేతికిస్తూ "ఇదిగో, నీ పనికిరాని నేల" అని నవ్వేది. ఆ నవ్వు ముందు తలెత్తలేకపోయేవాణ్ణి. అయినా పులుసు మారు వడ్డించుకునేవాణ్ణి.

సోమవారం మధ్యాహ్నం చర్చిలో చివరి ప్రార్థన. సరిగ్గా అది ఆటు సమయం, పని వదులుకుని ఏట్లో గుల్లలు ఏరే ఆ ఆడవాళ్లు రారేమో అనుకున్నాను. పాట సగంలో ఉండగా వచ్చారు. మిగిలిన ఆ ముక్కలోంచే, గుల్లల బుట్టలు గుమ్మం బయట పెట్టి, ఎగదోపుకున్న చీరలతోనే వచ్చారు. పాస్టరు గారు కాళ్లు కడుక్కోమనలేదు. గుమ్మం నుంచి శవపేటిక దాకా తెల్లటి నేల మీద బురద అడుగులు పడ్డాయి. ఎవరో గుడ్డ తీసుకుని తుడవబోతే పెద్దకూతురు చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీండి. మాయమ్మ రోజూ ఇంటికొచ్చీది ఇలాగే."