ఎడమచేతిని కాచుకున్న కుక్కపిల్ల

నా భార్య ఎడమచేతికి ఫిస్టులా ఉండేది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా ఆపరేషన్ చేసి రక్తనాళాలను కలిపిన చోటు అది. మోచేతి కింద ఉబ్బెత్తుగా ఉండి, వేలు ఆనిస్తే జుమ్మని కొట్టుకునేది. ఆ చేతిమీద బరువు పడకూడదు, గోరు గీరుకోకూడదు. అలాంటి ఇంటికి కుక్కపిల్లను తెమ్మని అడిగింది తనే.

"వారంల మూడు దినాలు దవఖాన్లనే పోతున్నయి. తక్కిన దినాలు గోడలు సూస్కుంట కూసుంటున్న. ఇంట్ల ఏదన్న మెదిలే పానం ఉంటే బాగుండు," అంది.

నేను ముత్తంగి దగ్గర ఒక గోదాములో షిఫ్టు పని చేస్తాను. అక్కడ ఆగిన లారీల నీడన ఒక వీధికుక్క ఈనింది. కొన్నాళ్లకు తల్లి లారీ చక్రం కింద పడి చనిపోయింది. మిగిలిన ఒక్క పిల్లను అట్టపెట్టెలో పెట్టుకుని పటాన్‌చెరులోని మా ఇంటికి తెచ్చాను. టీకాలు వేయించాకే తన దగ్గరికి వదిలాను.

లక్డారం నుంచి మా అత్తమ్మ కూతుర్ని చూడటానికి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"నీ పానమే బాగ లేదు. మల్ల కుక్కను బిడ్డా అని పిలుస్తవేందే?"

"ఏమని పిలువాలె అమ్మా? నా నోటికి గదే వస్తది."

దానికి వేరే పేరు పెట్టనే లేదు.

పిల్ల ఎగిరి మీదికి రాబోతే తను చేయి వెనక్కి దాచుకుని, మాట్లాడకుండా అటు తిరిగిపోయేది. నాలుగు కాళ్లూ నేల మీద ఆనాకే ఇటు తిరిగి, ఉడికిన గుడ్డులోంచి పచ్చసొన తుంచి పెట్టేది. డాక్టరు తనను తెల్లసొన మాత్రమే తినమన్నాడు. నేను పిల్లను కసిరితే తనకు కోపం వచ్చేది. "నువ్వు లొల్లి వెడ్తె అది ఆట అనుకుంటది. జెర ఊకో," అనేది. కొన్ని వారాలకు పిల్ల తన దగ్గరికి ఎప్పుడూ కుడివైపు నుంచే రావడం మొదలుపెట్టింది.

దానికి హెల్మెట్లంటే హడల్. సాయంత్రం కంపెనీల నుంచి జనం తిరిగొచ్చే వేళకు తను గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పిల్లను పక్కన కూర్చోబెట్టుకునేది. దారిన పోయేవాళ్లను ఆపి, "అన్నా, టోపీ తీసి జెర చెయ్యి వాసన సూపియ్యరాదే," అని అడిగేది. ఒక బిహార్ అతను "కాటేగా క్యా?" అని, కరుస్తుందేమోనని జంకుతూనే కింద కూర్చున్నాడు. పిల్ల అతని వేళ్లు నాకింది. జబ్బు చేశాక తను అంత నవ్వడం నేను చూడలేదు.

డయాలసిస్ రోజుల్లో మేం బయల్దేరితే పిల్ల తలుపు గీరుతూ ఏడ్చేది. నేను వెనక్కి వెళ్లి బుజ్జగించబోతే తను ఆపేది. "పొయ్యేటప్పుడు చెప్పొద్దు. చెప్తే ఇంక ఎక్కువ ఏడుస్తది. ఊకె దుకానానికి పోయినట్టు పోవాలె." అలా కొంచెం కొంచెంగా ఒంటరిగా ఉండటం అలవాటు చేసింది.

వానాకాలంలో ఒక ఉదయం సంగారెడ్డిలో డయాలసిస్ మధ్యలో తనకు బీపీ పడిపోయింది. సిటీలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ఇక తను లేవలేదు.

పరామర్శకు వచ్చినవాళ్లందరి ముందూ కుక్కపిల్ల వెళ్లి కూర్చుంది. నాలుగు కాళ్లు ఆనించి, తల ఎత్తి, ఏదైనా పెడతారని చూస్తూ. ఎవరికీ అర్థం కాలేదు. ఒకాయన కాలితో పక్కకి నెట్టాడు. నేను దాన్ని ఎత్తుకుని వంటింట్లోకి పోయి, తలుపు వేసుకుని ఏడ్చాను.

కర్మలన్నీ అయ్యాక అత్తమ్మ మూట కట్టుకుంటూ అడిగింది. "నువ్వు డూటీకి పోతే దీన్ని ఎవలు సూస్తరు బిడ్డా? నేను తీస్కపోనా?"

వద్దనాలనే ఉంది. కానీ నా షిఫ్టు పన్నెండు గంటలు. తలూపాను. దాన్ని ఆటోలో ఎక్కించినప్పుడు కూడా ఏమీ చెప్పకుండా ఇంట్లోకి వచ్చేశాను.

తర్వాతి సెలవు రోజు లక్డారం వెళ్లాను. పిల్ల దూరం నుంచే పసిగట్టి పరుగెత్తుకొచ్చింది. బక్కచిక్కలేదు, ఒళ్లంతా మట్టి. అత్తమ్మ నాకు చాయ్ ఇచ్చి, అరుగు మీద కూర్చుని దాని చెవుల వెనక గోకుతోంది.

"చిన్నప్పుడు నా బిడ్డకు కుక్కలంటే మస్తు భయం," అంది ఉన్నట్టుండి. "బడికి పోంగ ఒకటి కరిసింది. గప్పటి సంది కుక్క కనవడ్తె సాలు, నా కొంగు వట్కోని ఎనక దాక్కునేది."

ఇన్నేళ్ల కాపురంలో తను నాకా మాట చెప్పలేదు.

"మరి కుక్కను ఎందుకు తెమ్మంది అత్తమ్మా?"

"ఏమో బిడ్డా. నేను గూడ అడుగకపోతి."

చాయ్ చల్లారిపోయింది. అత్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, అన్నం తిని పొమ్మంది. తిని, చీకటి పడ్డాక, పిల్లకు చెప్పకుండా బయల్దేరాను.