సబ్బుముక్కల మాస్టారు

మా వీధిలో మేడాయన ఇంటి కింద, మెట్ల పక్కన ఒక గది ఉంది. ఒకప్పుడు అందులో విరిగిన కుర్చీలూ పనికిరాని సామానూ పడేసేవారు. తరవాత దాన్ని సబ్బు మాస్టారికి అద్దెకిచ్చారు. విరిగిన కుర్చీలు ఉన్నప్పుడే ఆ గది శుభ్రంగా ఉండేదని నేను ఎవరి ముందైనా చెబుతాను.

ఆయన పిల్లలకి కెమిస్ట్రీ ట్యూషను చెబుతాడు. సొంత పేరు ఉండే ఉంటుంది, మాకు మాత్రం సబ్బు మాస్టారే. స్నానాల గదిలో వాడి వాడి అరిగిపోయి, చేతికి చిక్కకుండా జారిపోయే సబ్బు పలుకులు మిగులుతాయి చూడండి, ఇంటింటికీ తిరిగి వాటిని అడిగి పట్టుకుపోతాడు. జాలిపడి ఎవరైనా కొత్త సబ్బు ఇవ్వబోతే వద్దంటాడు. "అరిగిందే కావాలి పిన్నిగారూ, అది చెప్పినమాట వింటుంది" అంటాడు. ఎవరి ఒంటిమీద తిరిగిన సబ్బో, దానికి అంటుకున్న వెంట్రుక ఎవరిదో ఆ దేవుడికే తెలియాలి. ఆ ముక్కల్ని అరచేతిలో నలిపి ముద్ద చేసుకుంటూ గుమ్మంలో నిలబడి కబుర్లు చెబుతాడు. బిస్కెట్టు ఇస్తే అదే చేత్తో అందుకుని తింటాడు. నేను మొదటిసారి చూసిన రోజు మధ్యాహ్నం భోజనం మానేశాను.

మా మనవరాలికి కెమిస్ట్రీ అంటే కడుపునొప్పి. పుస్తకం తెరిస్తే చాలు, నొప్పి వచ్చేస్తుంది. పరీక్షలో ఒకసారి తప్పింది. మళ్ళీ తప్పితే చదువు మాన్పించి కొట్లో కూర్చోబెడతానని మా అల్లుడు అన్నాడు. ఆ పిల్ల తనంతట తనే సబ్బు మాస్టారి దగ్గర చేరతానంది. ఆడపిల్లని పంపించే చోటు ఎలాంటిదో చూడకుండా ఎలా పంపుతాను? ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని నేనూ వెళ్ళాను. ఆ గది లోపల చూడాలని నాకూ ఉందని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

గడప దాటగానే చెప్పు నేలకి అతుక్కుంది. లాగితే చప్పుడైంది. కిటికీ గట్టు మీద టీ తాగిన గ్లాసులు వరసగా ఉన్నాయి, వాటి అడుగున బూజు పచ్చగా, బొచ్చులాగా లేచింది. మంచం కింద ఉతకని బట్టల కుప్ప, దాని మీద కునికిపాట్లు పడుతున్న పిల్లి. గోడమీద నల్లబల్ల. దాన్ని తుడవడానికి గుడ్డ లేదు, చొక్కా మోచెయ్యే గుడ్డ. సుద్ద చెరగకపోతే వేలు నోట్లో పెట్టుకుని తడిచేసి తుడుస్తాడు, ఆ వేలుతోనే చెవి గోక్కుంటాడు. ఇక మధ్యలో ఒక ప్లాస్టిక్ బకెట్టు. దాని నిండా సబ్బు ఉండలు. సగం ఆకుపచ్చ, సగం గులాబీ రంగు. చీమలు బకెట్టు అంచు మీద ఊరేగుతున్నాయి.

"ఇవేమిటి నాయనా?" అన్నాను.

"అయాన్లు పిన్నిగారూ."

ఆకుపచ్చ ఉండలకి అగ్గిపుల్లలు గుచ్చి ఉన్నాయి, మందు గీకేసిన పుల్లలు. గులాబీ ఉండలకి బొక్కలున్నాయి. పచ్చవి ప్లస్సువి, గులాబీవి మైనస్సువి. సోడియానికి ఒక పుల్ల, కాల్షియానికి రెండు. క్లోరిన్‌కి ఒక బొక్క, ఆక్సిజన్‌కి రెండు. ఒక్క పుల్ల మిగలకూడదు, ఒక్క బొక్క ఖాళీగా ఉండకూడదు. అలా కుదిరిన ముద్దే పదార్థం. ముందు పచ్చదాని పేరు ఉన్నదున్నట్టు చెప్పాలి, తరవాత గులాబీదాని పేరుకి తోక మార్చి చెప్పాలి. క్లోరిన్ క్లోరైడవుతుంది, ఆక్సిజన్ ఆక్సైడవుతుంది.

ఇంటికొచ్చాక మనవరాలు కాల్షియం ఆక్సైడ్ అని రాసి, రెండింటి కిందా రెండేసి వేసింది. బళ్ళో చెప్పిన దగ్గరదారి అట, ఇటు అంకె అటు, అటు అంకె ఇటు దించేయడమేనట.

"రెండు పుల్లలు, రెండు బొక్కలు. ఒకదానికి ఒకటి సరిపోలేదా? రెండేసి ఎందుకే?" అన్నాను.

అది నా మొహంలోకి చూసి, "అమ్మమ్మా, నువ్వెప్పుడు విన్నావు?" అంది. తలుపు దగ్గర నిలబడి అంతసేపూ ముక్కు మూసుకున్నాను గానీ చెవులు మూసుకోలేదు కదా.

అలా రోజూ దానితో వెళ్ళడం మొదలుపెట్టాను. గడప ఇవతల ఒక పాత పేపరు పరుచుకుని కూర్చునేదాన్ని. లోపలికి మాత్రం పోలేదు.

ఆయన కథ కూడా అక్కడే తెలిసింది. అడిగితే చెప్పని మనిషి కాదు, అడగకపోయినా చెబుతాడు. మొదట ఒక బళ్ళో పనిచేశాడు. అక్కడ పిండితో అయాన్లు చేస్తే పిల్లలు తినేశారు. బంకమట్టితో చేస్తే ఎండి పగిలిపోయాయి. అప్పుడు సబ్బు తట్టింది. తడిపితే మెత్తబడుతుంది, ఆరితే బిగుస్తుంది, పుల్ల కదలదు. ఒకరోజు ఎవరి పిల్లాడి టిఫిను డబ్బాలోనో మెగ్నీషియం దొరికింది, దానికి పొడుగాటి వెంట్రుక. తల్లి వచ్చి రభస చేసింది. ఉద్యోగం పోయింది. ఆ తరవాత అద్దెకున్న ప్రతి గదిలోనూ ఇదే వరస, ఇల్లుగలవాళ్ళు తరిమెయ్యడం, సంచీ భుజాన వేసుకుని ఇంకో వీధి వెతుక్కోవడం. భార్య విసిగి అక్కగారింటికి పోయింది. ఆవిడ ఒకసారి డబ్బులకోసం వస్తే పలకరించాను. "ఇంటినిండా సబ్బే పిన్నిగారూ, ఆ మనిషి ఒంటికి మాత్రం అంటదు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో నవ్వు లేదు. నాకు మాత్రం ఆగలేదు.

పరీక్షలు దగ్గర పడ్డాయి. అప్పుడే చీమలు మెట్లెక్కి మేడాయన పడగ్గది దాకా వెళ్ళాయి. మేడాయన మంచి శుభ్రం మనిషి, ఇస్త్రీ మడత నలగకుండా తెల్లబట్టలు కడతాడు. కిందికి దిగి, గడప ముందు నిలబడి చెప్పాడు.

"ఆదివారం వచ్చి చూస్తాను మాస్టారూ. ఈ కంపు పోకపోతే అదే రోజు ఖాళీ చెయ్యాలి."

"పరీక్షలయ్యేదాకా ఆగండి బాబూ, పిల్లలు సగంలో ఉన్నారు."

"నా పడగ్గదిలో చీమలు కూడా సగం దూరమే వచ్చి ఆగుతాయా?"

ఈ వీధిలో మాస్టారికి ఇంకెవరూ గది ఇవ్వరు. గది పోతే ట్యూషను లేదు, ట్యూషను లేకపోతే మా పిల్ల గతి కొట్లో గల్లాపెట్టె ముందే. అయినా నాకు మేడాయన చెప్పిందే న్యాయమనిపించింది.

ఆదివారం పొద్దున్నే పిల్లలంతా చీపుళ్ళు పట్టుకుని వచ్చారు. గ్లాసులు కడిగారు. బట్టలు మూట కట్టారు. మంచం కిందనుంచి ఊడ్చిన దాన్ని గురించి రాయడానికి నా చెయ్యి రావడంలేదు. ఎండిపోయిన రొట్టెముక్క ఒకటి ఉందనీ, దానిమీద పళ్ళగాట్లు మాస్టారివి కావనీ మాత్రం చెబుతాను. అంతా అయ్యాక వాళ్ళు తెలివైన పని ఒకటి చేశారు. అయాన్లకి వెంట్రుకలు అంటుకున్నాయి కదా, వాటినీ కడుగుదామని, బకెట్టు నిండా మరుగుతున్న నీళ్ళు పోసి కర్రతో కలిపారు.

సబ్బుని వేడినీళ్ళతో కడిగిన మేధావులు మా వీధిలోనే ఉంటారు. ప్లస్సులూ మైనస్సులూ కరిగి, ఆకుపచ్చా గులాబీ కలిసి, బురదరంగులో ఒకే ముద్దయింది. పుల్లలు పైకి తేలాయి. వెంట్రుకలు కూడా. నురుగు బకెట్టు పొంగి గదంతా పాకింది.

మాస్టారు వచ్చి చూశాడు. కోప్పడతాడనుకున్నాను. చేతులు మోచేతుల దాకా ఆ బకెట్టులో ముంచి, వెంట్రుకలతో సహా ముద్దని పైకి తీసి, కడిగిన నేలమీద వేసి పిసకడం మొదలుపెట్టాడు. "రంగు పోతే పోయింది, పుల్ల ఉంటే ప్లస్సు, బొక్క ఉంటే మైనస్సు. ఎవరికి తెలియదు?" అన్నాడు. పిల్లలు చుట్టూ చేరి ఉండలు చుట్టారు. మా పిల్ల గోళ్ళ నిండా ఆ బురద. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను, కళ్ళు మాత్రం తిప్పుకోలేదు.

సరిగ్గా అప్పుడే మేడాయన దిగాడు, తెల్లబట్టల్లో.

"వచ్చారా బాబూ, మంచి సమయానికి వచ్చారు" అని మాస్టారు ఒక తడి ఉండకి మూడు పుల్లలు గుచ్చి ఆయన చేతిలో పెట్టేశాడు. "మీరు అల్యూమినియం."

మేడాయన దాన్ని రెండు వేళ్ళతో దూరంగా పట్టుకుని, "దీనికి వెంట్రుక ఉంది" అన్నాడు.

"అది లెక్కలోకి రాదు. పిన్నిగారూ, మీరు ఇది పట్టుకోండి." నా చేతిలో ఒక గుత్తి పెట్టాడు. నడుమ పెద్ద ఉండ, చుట్టూ నాలుగు చిన్నవి, అన్నీ కలిపి దారంతో కట్టి ఉన్నాయి. గుత్తి మొత్తానికి రెండే బొక్కలు. "ఇది సల్ఫేటు. గంధకం ఒకటి, ఆక్సిజన్లు నాలుగు. ఇవి విడివిడిగా రావు, కట్టగానే వస్తాయి. దారం విప్పకూడదు."

చెయ్యి జిగటగా, వెచ్చగా ఉంది. దేనిలా ఉందో పోల్చి చెప్పనులెండి. అయినా పడెయ్యలేదు. మేడాయన మూడు పుల్లల్లో రెండు నా గుత్తి బొక్కల్లో దిగాయి, ఒకటి మిగిలింది. మా మనవరాలు ఇంకో గుత్తి తెచ్చింది. ఆ పుల్ల అందులో దిగింది, ఇప్పుడు దాని బొక్క ఒకటి ఖాళీ.

"ఇంకో అల్యూమినియం కావాలి" అన్నాడు మాస్టారు.

"నాకు గది కావాలి" అని మేడాయన ఒక అడుగు ముందుకు వేశాడు. నురుగు మీద కాలు జారింది. ఆయన జారిన తీరు నెమ్మదిగా, మర్యాదగా ఉంది, కూర్చున్నది మాత్రం మిగిలిన ముద్దలో. లేచేటప్పటికి తెల్లబట్టలకి వెనక బురదరంగు, దానికి రెండు అగ్గిపుల్లలు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఏమయ్యేదో తెలియదు, నవ్వకపోయినా జరగాల్సింది జరిగింది. భోజనాల వేళకి మంచం, మూట, బకెట్టు, నల్లబల్ల అన్నీ వీధిలో ఉన్నాయి. పిల్లి ఎటో పోయింది.

ఇంటికి వచ్చి చేతులు మూడు రకాల సబ్బుతో కడుక్కున్నాను. సబ్బుని సబ్బుతో కడుక్కోవాల్సిన బతుకైపోయింది.

"తరవాత ఏమవుతుందే?" అని మనవరాలిని అడిగాను.

"ఏమిటి?"

"ఆ బొక్క ఖాళీగా ఉండిపోయింది కదా. ఎన్ని గుత్తులు కావాలి? నాలుగు ఆక్సిజన్లకి కింద నాలుగు వేస్తే, మళ్ళీ గుత్తుల లెక్క ఎక్కడ వేస్తారు?"

"గుత్తులు ఇంకా చెప్పలేదు అమ్మమ్మా. ఇవాళే మొదలుపెట్టారు." అని ఏడుపు మొహం పెట్టింది.

అన్నం సయించలేదు. కంపు గుర్తొచ్చి కొంత, ఆ బొక్క గుర్తొచ్చి కొంత. లేచి వీధిలోకి వెళ్ళాను. మాస్టారు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఆ గోళ్ళలో ఏముందో నేను చూశాను కదా.

"గుత్తుల లెక్క ఎక్కడ వేస్తారు మాస్టారూ?" అన్నాను.

"గుత్తిని బ్రాకెట్లో పెట్టి, బయట కింద వేస్తారు పిన్నిగారూ. అల్యూమినియాలు రెండు, సల్ఫేట్లు మూడు. అక్కడ ఆరు పుల్లలు, ఇక్కడ ఆరు బొక్కలు. ఇంకో అల్యూమినియం, ఇంకో గుత్తి దొరికుంటే చూపించేవాణ్ణి."

"మరి మిగతా గుత్తులు?"

"చాలా ఉన్నాయి. అమోనియం అని ఒకటుంది, గుత్తే గానీ దానికి పుల్ల ఉంటుంది. చోటుంటే చెబుదును."

మా ఇంటి వెనక బట్టలు ఉతికే చోట రేకుల చావడి ఉంది. పరీక్షలయ్యేదాకా అక్కడ చెప్పుకోమన్నాను. పడక వేరేచోట, తిండి వేరేచోట, నల్లబల్ల మీద ఉమ్ము పడితే ఆ రోజే బయటికి, ఇంట్లోకి అడుగు పెట్టకూడదు. అన్నిటికీ తలూపాడు. తలూపుతూనే మా నీళ్ళ తొట్టిలో చేతులు కడిగేసుకున్నాడు. ఆ తొట్టి ఖాళీ చేయించి బ్లీచింగు వేయించాను.

మా పిల్ల పాసైంది, కెమిస్ట్రీలో మరీ గొప్ప మార్కులేం కావు. కొట్టు ఊసు మా అల్లుడు మళ్ళీ ఎత్తలేదు. నేను మాస్టారితో, పరీక్షలయ్యాయి కదా, సామాను ఎప్పుడు తీస్తావని అడుగుదామనుకుంటూనే ఉన్నాను. చావడి గచ్చు జిగటపట్టింది. చీమలకి దారి తెలిసిపోయింది. బట్టలారేసే తీగకి ఎవరిదో వెంట్రుకల చుట్ట వేలాడుతోంది, దాన్ని తీయమని పనిమనిషికి చెబితే నువ్వే తీసుకో అంది.

నిన్న పొద్దున్న కొత్త పిల్లలు కొందరు వచ్చి చావడి ముందు చెప్పులు విడిచారు. ఇక లాభంలేదు, ఇవాళ చెప్పేస్తానని వెళ్ళాను. మాస్టారు ఇనుము గురించి చెబుతున్నాడు.

"ఇనుముకి రెండు రకాలంటున్నావు, అదెలా?" అని నా నోట్లోంచి వచ్చింది.

"ఒకచోట రెండు పుల్లలతో వస్తుంది, ఒకచోట మూడింటితో వస్తుంది పిన్నిగారూ. అందుకని పేరు పక్కనే ఎన్నో కూడా చెప్పాలి, లేకపోతే ఏ ఇనుమో తెలియదు" అన్నాడు. చుట్టూ చూశాడు, చేతికి సబ్బు అందలేదు. బొటనవేలి గోటి సందునుంచి కొంచెం తీసి, ఉండచేసి, పుల్లలు గుచ్చి నా ముందుకు చాపాడు.

ఛీ, అన్నాను. మూడు పుల్లలున్నాయి.