అక్క తెచ్చిన సీసా

పుస్తకాలకు అట్టలు వేసే ఆ మనిషిని వీధిలో అందరూ అట్టలాయన అనే పిలిచేవారు. నలభై రెండేళ్లకే కిడ్నీలు చేతులెత్తేస్తే, అక్క తన కిడ్నీ ఇచ్చింది. ఆమెది బట్టలుతికే పెద్ద దుకాణంలో ఇస్త్రీ పని. "నాకు రెండున్నాయి, ఒకటి నీకు. దీనికింత ఆలోచనెందుకురా?" అని తేల్చేసింది.

ఏడాదిన్నర బాగానే గడిచింది. కొత్త కిడ్నీని ఒళ్లు తోసిపుచ్చకుండా కాపాడే మాత్రను రెండు పూటలా గడియారం చూసుకుని మరీ వేసుకునేవాడు. తర్వాత ఎందుకో దిగులు పట్టుకుంది. కుట్టాల్సిన కాగితాలు ఒళ్లో పెట్టుకుని, జిగురు ఎండిపోతున్నా కదలకుండా కూర్చునేవాడు. అది చూడలేక అక్క ఒక సీసా తెచ్చింది.

"మూలికలేరా. ఏదో పసుపు పూల మొక్కట, మనసు తేలికపడుతుందట. మందు కాదుగా, భయం లేదు."

ఐదు వారాలు వాడాడు. నిజంగానే కాస్త కుదుటపడ్డాడు. "కొత్త మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టరమ్మ అడిగితే "లేదండీ" అన్నాడు. అబద్ధమాడుతున్నానని అతనికి తోచనేలేదు.

నెల తిరక్కుండా కాళ్లు వాచాయి. రక్తం పరీక్షిస్తే, కిడ్నీని కాపాడే మందు ఉండాల్సినదాంట్లో పావు వంతు కూడా లేదు. నోట్లో వేసుకునేవన్నీ తెచ్చి చూపించమంటే ఆ సీసా కూడా పట్టుకెళ్లాడు. అది చూడగానే డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ మొక్క మీ మందును ఒంట్లో నిలవనివ్వదండీ. ఇంకా చాలా మందులనూ అంతే."

చేయగలిగిందంతా చేశారు. కిడ్నీ దక్కలేదు. "మా అక్కకు మాత్రం చెప్పకండి" అని బతిమాలుకున్నాడు.

అప్పటి నుంచి వారానికి మూడు రోజులు డయాలసిస్. అక్క పక్కన కూర్చుని పాదాలు నొక్కుతూ, "నేనిచ్చిందే పనికిరాని సరుకేమోరా" అనేది. అతను మొహం తిప్పుకునేవాడు. చెబితే ఆమె బతకలేదు. చెప్పకపోతే ఆ మాట రోజూ వినాలి.

ఒకరోజు డయాలసిస్ జరుగుతుండగా ఆమె మామూలుగా అంది: "మా ఇస్త్రీ గదిలో పెద్దావిడ ఒకటే దిగులుగా ఉంటోంది. గుండెకు మాత్రలు కూడా వాడుతోంది పాపం. నీకు తెచ్చిన సీసాయే కొనిద్దామనుకుంటున్నా."

"వద్దక్కా."

"ఏం? నీకు పనిచేసిందిగా?"

ఇక నోరు విప్పక తప్పలేదు. అతను చెబుతున్నంతసేపూ ఆమె చేతులు అతని పాదాల మీదే ఆగిపోయాయి.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"ఏడు నెలల నుంచి."

ఆమె ఏడవలేదు. దుప్పటి సర్ది, పెద్దావిడకు ఫోన్ చేసొస్తానని వరండాలోకి వెళ్లింది. లేచి వెనకాలే వెళ్దామంటే చేతికి గొట్టాలున్నాయి. యంత్రం ఆగడానికి ఇంకా రెండు గంటలుంది.